ఒక టిక్ ఆలస్యం

లైనక్స్ కెర్నల్‌లో మొన్నటి ట్రేసింగ్ కాల్‌బ్యాక్ (ట్రేస్ అయ్యే ప్రతి ఫంక్షన్ మొదట్లోనూ నడిచే మన కోడ్) గొడవే మళ్ళీ. బగ్ దొరికింది, అయినా దాని పక్కనున్న కామెంట్ మనసులోంచి పోవట్లేదు. అందుకే ఈ టైములో కూర్చున్నాను.

ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో రాసిపెట్టే ఫంక్షన్ ట్రేసర్ ఆన్ చేస్తే, ఆలస్యం కాకూడని రియల్‌టైమ్ టాస్క్ ఎప్పుడో ఒకసారి దాదాపు 4 మిల్లీసెకన్లు ఆలస్యంగా లేస్తోంది. ట్రేసర్ భారమే అని సర్దిచెప్పుకోవడం సులువు. కానీ ఆ భారం ప్రతి ఫంక్షన్ మీదా కొంచెం కొంచెంగా పడాలి గానీ, ఇలా ఒక్కసారిగా మీద పడదు. హెచ్‌జెడ్ విలువ, అంటే సెకనుకి వచ్చే టైమర్ టిక్‌ల సంఖ్య, 250. అంటే 4 మిల్లీసెకన్లకో టిక్. ఏ టాస్క్ నడవాలో తేల్చే షెడ్యూలర్‌ని పిలవాల్సినవాళ్ళు పిలవలేదు, తర్వాతి టిక్ వచ్చి ఆ పని చేసింది. అంతే.

దీన్ని ప్రీఎంప్ట్‌ఆఫ్ ట్రేసర్‌తో పట్టుకోవాలనుకోవడం శుద్ధ దండగ. ప్రీఎంప్షన్, అంటే నడుస్తున్న టాస్క్‌ని మధ్యలో ఆపి ఇంకోదాన్ని ఎక్కించడం, ఆగి ఉన్నంతసేపే అది కొలుస్తుంది. ఇక్కడ పోయిన సమయమంతా ప్రీఎంప్షన్ మళ్ళీ మొదలయ్యాక పోయింది, ప్రీఎంప్షన్‌ని ఎన్నిసార్లు ఆపారో లెక్కపెట్టే కౌంట్ సున్నాలోనే ఉంది. వేకప్ఆర్‌టీ ట్రేసర్ పెట్టాలి. టాస్క్‌ని లేపిన క్షణం నుంచి అది సీపీయూ మీదికి ఎక్కేదాకా కొలిచేది అదే. అందులో లాటెన్సీ గడులు చూస్తే, ప్రీఎంప్ట్ లోతు (అదే ఆ కౌంట్) సున్నా దగ్గర ఉన్నా రీషెడ్యూల్ కావాలన్న ‘ఎన్’ అక్షరం వరసగా లైన్ల తరబడి అలాగే ఉంది. అది చూశాక ఇంకేం వెతకక్కర్లేదు.

కాల్‌బ్యాక్ మొదట్లో నీడ్‌రీషెడ్ ఫ్లాగ్ (టాస్క్ మార్చాలి అన్న గుర్తు) విలువ దాచిపెట్టి, తర్వాత ప్రీఎంప్షన్ ఆపుతున్నారు. చివర్లో ఆ దాచిన విలువ 1 అయితే షెడ్యూలర్‌ని పిలవకుండా కౌంట్ మాత్రం తగ్గిస్తున్నారు. ‘ఫ్లాగ్ ముందే ఉందంటే మనం షెడ్యూలర్ లోపలే ఉన్నట్టు’ అని కామెంట్. నాకు కోపం తెప్పించింది ఆ ధీమానే.

ఎందుకంటే ఇది పాత తప్పే. కెర్నల్‌లోని ఈ ట్రేసింగ్ వ్యవస్థ, ఎఫ్‌ట్రేస్, 2008లో 2.6.27 వెర్షన్‌తో మెయిన్‌లైన్‌లోకి, అంటే అసలు కెర్నల్‌లోకి వచ్చింది. ఆ తొలిరోజుల్లో ట్రేసర్ షెడ్యూలర్‌ని పిలవడం, షెడ్యూలర్ లోపలి ఫంక్షన్లు మళ్ళీ ట్రేసర్‌ని పిలవడం, ఇలా అంతులేని చక్రం తిరుగుతుందని భయపడి సరిగ్గా ఇలాంటి జంట ఫంక్షన్లే రాశారు. ఒకే సీపీయూ ఉంటే ఆ తర్కం నిలుస్తుంది. ఇంటరప్ట్ వచ్చి ఆ ఫ్లాగ్ పెడితే, ఆ ఇంటరప్ట్ ముగిసేటప్పుడే టాస్క్ మారిపోతుంది. రెండు సీపీయూలు ఉంటే? 0వ సీపీయూ మీద ఎవరో పెద్ద ప్రాధాన్యమున్న టాస్క్‌ని 1వ సీపీయూ కోసం లేపారు. ముందు అక్కడ నడుస్తున్న టాస్క్‌కి ఫ్లాగ్ పెట్టి, ఆ తర్వాత ఐపీఐ (ఒక సీపీయూ ఇంకో సీపీయూకి పంపే ఇంటరప్ట్) పంపారు. ఈ రెంటి మధ్య ఉన్న సందులో 1వ సీపీయూ కాల్‌బ్యాక్‌లోకి వచ్చి ఫ్లాగ్ చదివింది: 1. ప్రీఎంప్షన్ ఆపింది. ఇప్పుడు ఐపీఐ వచ్చింది, కౌంట్ సున్నా కాదు కాబట్టి ఏమీ చేయకుండా వెళ్ళిపోయింది. బయటికొచ్చేటప్పుడు దాచిన 1 చూసి కాల్‌బ్యాక్ కూడా పిలవలేదు. ఐపీఐ ఒకసారే వస్తుంది, అది అయిపోయింది.

2010లో ఆ జంటని తీసేశారు. అసలు చక్రం షెడ్యూల్ ఫంక్షన్ వల్ల కాదు, ప్రీఎంప్షన్ కోసం షెడ్యూలర్‌ని పిలిచే ప్రీఎంప్ట్‌షెడ్యూల్‌ని ట్రేస్ చేయడం వల్ల వస్తోందని తేలింది. దానికి నోట్రేస్ (ట్రేస్ చేయొద్దు) గుర్తు పెట్టాక ఈ జాగ్రత్త అవసరమే లేదు. నొప్పి ఒకచోట ఉంటే కట్టు ఇంకోచోట కట్టారు. ఇది రాస్తుంటే కోపం కొంచెం తగ్గింది. చక్రం మాత్రం నిజంగానే ఉంది కదా, వాళ్ళు చూసింది అబద్ధం కాదు.

ఇక సవరణ. మొదట ఇంటరప్ట్‌లే ఆపేద్దామనుకున్నాను. అప్పుడు ఐపీఐ బయటే ఆగి, తెరవగానే వస్తుంది, పని జరుగుతుంది. కానీ ట్రేస్ అయ్యే ప్రతి ఫంక్షన్‌కీ ఆ ఖర్చు పెట్టడం అన్యాయం, పైగా ఎన్‌ఎంఐ (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) ఎలాగూ ఆగదు. తర్వాత ఫ్లాగ్ దాచడం తీసేసి, ప్రీఎంప్షన్‌కి నోట్రేస్ రకం డిసేబుల్, ఎనేబుల్ పెట్టాను. మామూలు రకం పెట్టకూడదు: కొన్ని కాన్ఫిగరేషన్లలో కౌంట్ పెంచేదే ఒక ఫంక్షన్, దాన్నీ ట్రేసర్ పట్టుకుంటుంది. ప్రీఎంప్షన్ ఆపడం మాత్రం మానలేం. పర్‌సీపీయూ బఫర్ (సీపీయూకొకటి ఉండేది) చిరునామా తీసుకున్నాక టాస్క్ ఇంకో సీపీయూకి వెళ్ళిపోతే ఒకే బఫర్‌లో ఇద్దరు రాస్తారు.

కానీ ఇప్పుడు ఇది రాస్తూ రాస్తూ చూస్తే ఆ డిసేబుల్, ఎనేబుల్ జంట కూడా అక్కర్లేదనిపిస్తోంది. కెర్నల్ 5.16 నుంచి ఎఫ్‌ట్రేస్ రికర్షన్ లాక్ (కాల్‌బ్యాక్ తనలోకి తనే మళ్ళీ రాకుండా ఆపేది) తీసుకోగానే ప్రీఎంప్షన్ ఆగుతుంది, వదిలితే తిరిగి మొదలవుతుంది. మన కాల్‌బ్యాక్ మొదటి లైన్‌లోనే ఆ లాక్ తీసుకుంటోంది. పాత కెర్నళ్ళకి పంపే ప్యాచ్‌లో మాత్రం జంట ఉండాలి, ఇందులో తీసేస్తాను. కామెంట్ కూడా పోతుంది.

వేకప్ఆర్‌టీ ఇంకా నడుస్తోంది. లోతు సున్నా దగ్గర ‘ఎన్’ ఒక లైన్ దాటి నిలబడితే మళ్ళీ మొదట్నుంచి చూడాలి.