మిర్చిని ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టేముందు సరుకు యజమాని అడగాల్సిన అంకెలు

గుంటూరు మిర్చి యార్డు ధర రోజూ ఫోన్‌లోకి వస్తుంది. సరుకు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది ఆ ఒక్క ధరతో తేలదు. ముందు పాత నిల్వ తెలియాలి, అదీ రకం వారీగా: పోయినేటి తేజ రకం టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని మిగిలాయి? మొత్తం మిర్చి అంకె దేనికీ పనికిరాదు.

తర్వాత ఖర్చు. క్వింటా 15,000 అనుకుంటే ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కన ఆరు నెలలకు 900. తరుగు రెండు శాతమైతే మరో 300. అద్దె, హమాలీ కలపకుండానే అమ్మే ధర 16,200 దాటాలి. తరుగు రాయని లెక్కల్లోనే లాభం కరిగిపోతుంది, దయచేసి రాయించండి.

ఎగుమతికైతే అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) రిపోర్టు లాట్ వారీగా చూడాలి. సగటులో చెడ్డ లాట్ దాక్కుంటుంది. మిర్చి పంటను దెబ్బతీసే నల్ల తామరపురుగు కబురు మాత్రం పల్నాడు చేలల్లోంచే తెప్పించుకోవాలి, యార్డుకు అది ఆలస్యంగా చేరుతుంది.