లెక్క తెలుసు, దాని పేరే తెలీదు

మాది సఖినేటిపల్లి. డిగ్రీ నరసాపురంలో, తెలుగు మీడియం. మూడేళ్లూ పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి కాలేజీకి వెళ్లినవాణ్ణే. ఐఐటీల్లో ఎంఎస్సీ సీటు కోసం రాసే పరీక్ష, ఐఐటీ జామ్ మ్యాథమెటిక్స్ రాద్దామనుకునేసరికి హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకునే స్తోమత ఇంట్లో లేదు. ఇక డౌట్లన్నిటికీ ఫోనే దిక్కు. మొదటిసారి సీటు రాలేదు, రెండోసారి వచ్చింది. సిలబస్, టైంటేబుల్ గురించి చాలామంది రాశారు కాబట్టి నేను డౌట్ల సంగతే రాస్తాను.

మొదటి దెబ్బ భాష దగ్గరే తగిలింది. ‘ఏకరూప అవిచ్ఛిన్నత’ (యూనిఫాం కంటిన్యుటీ) అని కొడితే నాకు పనికొచ్చేదేమీ దొరకలేదు. పోనీ అని ప్రశ్నలో ఉన్న గుర్తులన్నీ యథాతథంగా టైప్ చేసేవాణ్ణి. మామూలు సెర్చ్ గుర్తుల్ని సరిగా పట్టుకోదు, దానికి పేరు కావాలి. సమూహం అంటే గ్రూప్, సదిశాంతరాళం అంటే వెక్టర్ స్పేస్ అని ఎవరికైనా తెలుస్తుంది. కానీ మనం ఇరుక్కున్న చోటుకి పేరేమిటో తెలియాలిగా! అందుకని ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లిష్ మాట, పక్కన దానికి సంబంధించిన సిద్ధాంతాల పేర్లు. రెండు నెలలు పట్టింది. నా ప్రిపరేషన్ మొత్తంలో ఎక్కువ లాభం దీనివల్లే.

ఒక ఉదాహరణ చెబుతాను. 12 మూలకాలున్న సమూహంలో 6 మూలకాల ఉపసమూహం ఉండి తీరాలా? మాక్ టెస్టులో ‘ఉండాలి’ అని టిక్కు పెట్టేశాను. లగ్రాంజ్ సిద్ధాంతం చెప్పేది ఉపసమూహం సైజు సమూహం సైజును భాగిస్తుందని మాత్రమే. నేను దాన్ని తిరగేసి వాడాను. తర్వాత ‘లగ్రాంజ్ థీరమ్ కన్వర్స్’ అని, పక్కన ‘కౌంటర్ ఎగ్జాంపుల్’ అని చేర్చి వెతికితే మొదట్లోనే దొరికింది: నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల (ఈవెన్ పర్మ్యుటేషన్ల) సమూహం, ఎ4. అందులో 6 మూలకాల ఉపసమూహం ఉంటే, అది సరిగ్గా సగం కాబట్టి ఎ4లోని ప్రతి మూలకం వర్గమూ ఆ ఉపసమూహంలోనే ఉండాలి. మూడేసి వస్తువుల్ని తిప్పే ప్రస్తారాలు 8 ఉన్నాయి, ప్రతిదీ ఇంకోదాని వర్గమే. 6 చోట్లలో 8 ఎలా పడతాయండీ?

జామ్‌లో ఎంఎస్‌క్యూలు (ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండగల ప్రశ్నలు) 10, ఒక్కోటి 2 మార్కులు. సరైన ఆప్షన్లన్నీ పెట్టాలి, ఒక్కటి తప్పినా సున్నా. అక్కడ ఇలాంటి ఎదురు ఉదాహరణలే కాపాడతాయి.

వెతికినా దొరకనివి మ్యాథ్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే ప్రశ్నలు-జవాబుల సైట్‌లో అడిగాను. మొదటిసారి ప్రశ్నని ఫోటో తీసి పెట్టి ‘ప్లీజ్ సాల్వ్’ అన్నాను. కాసేపటికే మూసేశారు. ఒళ్లు మండింది, రెండు వారాలు అటువైపు వెళ్లలేదు. తర్వాత చూస్తే తప్పు నాదే. నేను ఎంతవరకు చేశానో, ఏ లైను దగ్గర ఆగానో రాసి, ఫార్ములాల్ని డాలర్ గుర్తుల మధ్య లేటెక్‌లో (లెక్కల గుర్తులు టైప్ చేసే పద్ధతి) టైప్ చేసి అడిగితే ఎవరో ఒకరు ఓపిగ్గా చెబుతారు. జవాబు పక్కన పచ్చ టిక్కు ఉందంటే అడిగినవాడికి నచ్చిందని మాత్రమే అర్థం, కింద కామెంట్లు కూడా చదవండి. మ్యాథ్ఓవర్‌ఫ్లో జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, అది రీసెర్చ్ చేసేవాళ్లది.

చాట్‌బాట్లు వాడొచ్చా అని కొందరు అడుగుతున్నారు. నేనూ వాడాను. లవంలో ఎన్ఎక్స్, హారంలో 1 ప్లస్ ఎన్ స్క్వేర్ ఎక్స్ స్క్వేర్ ఉన్న ప్రమేయాల అనుక్రమం ఇచ్చి, 0 నుంచి 1 వరకు యూనిఫాం కన్వర్జెన్స్ ఉందా అని అడిగాను. ఉందని చక్కగా ప్రూఫ్ రాసిచ్చింది! అనుమానం వచ్చి డెస్మోస్ అనే గ్రాఫుల సైట్‌లో గ్రాఫ్ గీశాను. ఎన్ పెంచేకొద్దీ గుట్ట సున్నా వైపు జరుగుతోంది గానీ ఎత్తు తగ్గడం లేదు, రేవుకి వచ్చే పంటులాగ. ఎక్స్ దగ్గర 1/ఎన్ పెట్టి చూడండి, విలువ ఎప్పుడూ సగమే. యూనిఫాం కావాలంటే గుట్ట ఎత్తు సున్నాకి దిగిపోవాలి, ఇంక యూనిఫాం ఎక్కడిది? అప్పటినుంచి చాట్‌బాట్‌ని ప్రూఫులు అడగడం మానేశాను, ‘దీన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారు’ అని మాత్రం అడుగుతాను.

ఎన్‌ఏటీ ప్రశ్నలకి (జవాబు సంఖ్యని మనమే టైప్ చేసేవి) ఆప్షన్లుండవు కాబట్టి నా జవాబులు వుల్ఫ్రమ్ ఆల్ఫా అనే లెక్కలు చేసే సైట్‌లో సరిచూసుకునేవాణ్ణి. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు (ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు) నరసాపురంలో సిగ్నల్ బాగున్నచోట డౌన్‌లోడ్ చేసి పెట్టుకునేవాణ్ణి. వరదలొచ్చి పంటు ఆపేసి, కరెంటు కూడా పోయిన రోజుల్లో అవే నడిచాయి. ఇంగ్లిష్ అందకపోతే స్పీడ్ తగ్గించి వినండి, సిగ్గేం లేదు.

నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. తెలుగు మీడియం వాళ్లెవరికైనా కావాలంటే ఫోటోలు తీసి పెడతాను. పంటు మీద వానకి తడిసి వలయాల (రింగ్స్) పేజీ ఒకటి చెరిగిపోయింది, అది మళ్లీ రాయాలి.