జీఐ కాయిల్: మందం సరే, జింకు ఎంత?

గాలి డక్టులు, కేబుల్ ట్రేలు తయారుచేసే ఒక కర్మాగారంలో నేను ముడిసరుకు తనిఖీ చేస్తాను. కొత్త గాల్వనైజ్డ్ కాయిల్, అంటే జింకు పూత పూసిన ఉక్కు షీటు (వాడుకలో జీఐ) చుట్ట, వచ్చిన రోజు దాని పై చుట్టు విప్పించి, రెండు అంచుల దగ్గరా మధ్యలోనూ ఒక్కొక్కటి చొప్పున 80 మిల్లీమీటర్ల వ్యాసంగల మూడు బిళ్ళలు కత్తిరించుకుంటాను. వాటిని శుభ్రంగా తుడిచి, మిల్లీగ్రాము తేడాను కూడా చూపే త్రాసు మీద తూచి, ఇనుమును తినకుండా ఆపే మందు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తాను. వేసీ వేయగానే బిళ్ళ చుట్టూ నురగ లేస్తుంది. మెరిసే తెల్లటి జింకు కరిగిపోయి, కాసేపటికి కింద ఉన్న ముదురు బూడిదరంగు ఉక్కు బయటపడుతుంది, నురగ దానంతటదే ఆగిపోతుంది. బిళ్ళను కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తూస్తాను. ఆ సైజు బిళ్ళ వైశాల్యం దాదాపు 5000 చదరపు మిల్లీమీటర్లు కనుక, తగ్గిన గ్రాములను 200తో హెచ్చిస్తే చదరపు మీటరుకు ఎంత జింకు పూసి ఉందో తెలిసిపోతుంది.

ఒకసారి 275 గ్రాముల పూత అని ధ్రువపత్రంతో వచ్చిన సరుకులో బిళ్ళకు 1.37 గ్రాములు తగ్గవలసింది పోయి, మూడింటిలోనూ 0.6 గ్రాముల దగ్గరే ముల్లు ఆగింది. అంటే 120 గ్రాములు. మందం మాత్రం మైక్రోమీటరు అనే కొలత పరికరంతో చూస్తే సరిగ్గానే ఉంది, చూపుకి మెరుపు కూడా ఏమాత్రం తక్కువ కాలేదు. ఆ కాయిల్‌ను వెనక్కి పంపించాం. అప్పటినుంచి, ‘‘ఎంత మందం షీటు కావాలి?’’ అని ఎవరైనా అడిగితే, దాని వెంటనే జింకు మాట కూడా తేల్చుకోమని చెప్పడం నాకు అలవాటయింది.

ఈ గ్రాముల లెక్క చాలామందిని తికమకపెట్టే చోటు ఒకటుంది. యూరోపియన్ ప్రమాణంలో జెడ్275 అని రాసేది, అమెరికన్ ప్రమాణంలో దాదాపు దానికి సమానంగా జీ90 అని రాసేది, షీటు రెండు వైపులా కలిపి ఉండే బరువు. జింకు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.14 గ్రాములు కాబట్టి, 275 గ్రాములంటే ఒక్కో వైపు వచ్చేది సుమారు 19 మైక్రాన్లు మాత్రమే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). 120 గ్రాములైతే 8 మైక్రాన్లకు కాస్త ఎక్కువ. ఆరుబయట జింకు అరుగుదల ఇంచుమించు ఏటా ఒకే తీరులో సాగుతుంది. అందువల్ల ఏడాదికి 2 మైక్రాన్లు అరిగే వాతావరణంలో మొదటిది తొమ్మిదేళ్ళకు పైగా నిలిస్తే రెండోది నాలుగేళ్ళకే ఉక్కును బయటపెడుతుంది. సముద్రతీరంలోనో, రసాయన కర్మాగారాల పక్కనో ఈ అరుగుదల 4 మైక్రాన్లు దాటవచ్చు. పొడిగా ఉండే గది లోపల అర మైక్రాను కూడా ఉండదు. కాబట్టి గోడ లోపల దాగి ఉండే ఫ్రేముకు తక్కువ పూత చాలు. అందులో మోసమేమీ లేదు. ఎక్కువ అని చెప్పి తక్కువ ఇవ్వడమే మోసం.

మందం విషయంలోనూ ఇలాంటిదే ఒక చిన్న కిటుకు ఉంది. పూతతో కలిపి 0.50 మిల్లీమీటర్లు అన్నారా, పూత కాకుండా ఉక్కు మాత్రమే 0.50 అన్నారా అన్నది కాగితం మీద స్పష్టంగా రాయించుకోవాలి. జెడ్275 పూతలో రెండు వైపులా కలిపి దాదాపు 0.04 మిల్లీమీటర్లు జింకుకే పోతుంది. అంటే మొదటి లెక్కలో చేతికి వచ్చే ఉక్కు 0.46 మాత్రమే. పైకప్పు రేకుల కింద బరువు మోసే అడ్డ కమ్ముల (పర్లిన్ల) వంటి వాటికి లెక్క కట్టేటప్పుడు జింకును బలం కింద జమ వేయరు కనుక, ఈ తేడా డిజైనులో నేరుగా తగులుతుంది.

ఇంత పలచని పూత ఇంత పొడవునా ఒకే తీరుగా ఎలా పడుతుందన్నది నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. 1250 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న 10 టన్నుల కాయిల్‌ను తీసుకుంటే, మీటరుకు 4.9 కిలోల చొప్పున దాని పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది. అంత పొడవూ 508 మిల్లీమీటర్ల లోపలి బోలు చుట్టూ గట్టిగా చుట్టుకుని, దాదాపు మీటరుంబావు వ్యాసంగల దిమ్మలా నిలబడుతుంది.

19వ శతాబ్దంలో ఈ పని విడి రేకులతో జరిగేది. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. గాల్వనైజింగ్ అన్న పేరు మాత్రం కప్ప కాళ్ళ మీద విద్యుత్ ప్రయోగాలు చేసిన ఇటలీ శాస్త్రవేత్త లుయిజీ గాల్వానీ నుంచి వచ్చింది, ముంచే పనితో ఆయనకు సంబంధమేమీ లేదు. రేకులను ఒక్కొక్కటిగా ఆమ్లంలో కడిగి, జింకు అతుక్కోవడానికి తోడ్పడే ఫ్లక్సు అనే మందు పూసి ముంచితే, ఇనుమూ జింకూ కలిసిన పెళుసు పొర మందంగా ఏర్పడి, వంచిన చోటల్లా పూత పెచ్చులూడిపోయేది. 1930లలో పోలండ్ ఇంజినీరు తదేయుష్ సెంజిమిర్ ఈ చిక్కును విప్పాడు. ఉక్కు పట్టీని తెగకుండా కొలిమిలోంచి నడిపిస్తూ, హైడ్రోజన్ కలిసిన వాయువుతో దాని మీది ఆక్సైడును తొలగించి, బయటి గాలి తగలనివ్వకుండానే నేరుగా జింకులోకి దించాడు. ఈనాటి లైన్లన్నీ ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

లైను మొదట్లో కొత్త కాయిల్ మొదలును పాతదాని చివరకు వెల్డింగు చేస్తారు. ఆ నిమిషంలో కూడా లోపల పట్టీ ఆగకూడదు కనుక, లూపర్ అనే అమరికలో ముందే మడతలు మడతలుగా నిల్వ ఉంచిన పట్టీని వదులుతారు. క్షారంతో నూనెలు కడిగాక, 700 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య కాగే కొలిమిలో చల్లని రోలింగు (వేడిచేయకుండా రోలర్ల మధ్య నొక్కి పలచన చేయడం) వల్ల బిగుసుకుపోయిన ఉక్కు మళ్ళీ మెత్తబడుతుంది. అక్కడినుంచి దాదాపు 460 డిగ్రీల వద్ద ఉన్న జింకు తొట్టిలోకి ఏటవాలుగా దిగి, మునిగి ఉన్న రోలరు చుట్టూ తిరిగి, నిట్టనిలువుగా పైకి లేస్తుంది. ఆ లేచేచోట ఉండే ఎయిర్ నైఫ్‌దే అసలు పనితనం. పట్టీకి రెండు పక్కలా సన్నని చీలికలోంచి గాలిగానీ నైట్రోజన్‌గానీ కత్తి అంచులా కొట్టి, ఎక్కువైన జింకును కిందికి తోసేస్తుంది. గాలి పీడనం, చీలికకూ పట్టీకీ మధ్య దూరం, పట్టీ వేగం అనే మూడింటి పొందికను బట్టే 275 అయినా 120 అయినా వస్తుంది.

ఆ తొట్టిలో ఉండేది వట్టి జింకు కాదు. అందులో 0.2 శాతం అటూఇటూగా అల్యూమినియం కలుపుతారు. అది ముందుగా ఉక్కును పట్టుకుని అతి పలచని ఇనుము–అల్యూమినియం పొరగా మారి, పెళుసు పొర పెరగకుండా అడ్డుపడుతుంది. మేము డక్టు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి బిగించే లాక్ సీము వేసినప్పుడు పూత పగలకపోవడానికి కారణం ఈ చిటికెడు అల్యూమినియమే.

పూత గీసుకుపోతే ఏమవుతుందని కొత్తగా చేరిన కుర్రాళ్ళు అడుగుతుంటారు. మాటలతో చెప్పడం మానేసి, రెండు గాజు సీసాల్లో ఉప్పునీళ్ళు పోసి, ఒకదానిలో మామూలు షీటు ముక్కనూ, రెండోదానిలో మేకుతో ఉక్కు కనిపించేలా గీత గీసిన జీఐ ముక్కనూ వేసి బల్ల మీద పెట్టాను. మర్నాటికి మొదటి సీసా నీళ్ళు పలచని టీ రంగుకు తిరిగాయి. రెండోదానిలో గీత చుట్టూ తెల్లటి పొడి పట్టింది గానీ గీతలో ఎరుపు కనబడలేదు. విద్యుత్ రసాయన శ్రేణిలో జింకుది మైనస్ 0.76 వోల్టులు, ఇనుముది మైనస్ 0.44; మైనస్ ఎక్కువున్నదే ముందుగా కరుగుతుంది, అందుకే తడి తగిలినప్పుడు జింకు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. రంగుకు ఈ గుణం లేదు. కత్తిరించిన అంచుల్లో, కొట్టిన రంధ్రాల్లో ఉక్కు బయటపడినా పలచటి షీట్లు వెంటనే తుప్పు పట్టకపోవడానికి కారణం ఇదే. మందం పెరిగేకొద్దీ అంచు మధ్యభాగానికి ఈ రక్షణ సరిగా అందదు, అక్కడ ఎర్రటి చార కనిపించడం మొదలవుతుంది.

వాడకాల సంగతికి వస్తే, ఎక్కడ ఏ పూత అన్నదే చెప్పుకోదగిన విషయం. పైకప్పు రేకులు, ధాన్యపు గోదాములు, సీ, జెడ్ ఆకారపు పర్లిన్లు, కాంక్రీటు కింద పరిచే డెక్ షీట్లు ఎక్కువ పూతనూ ఎక్కువ బలాన్నీ కోరతాయి. వాషింగ్ మెషీన్ల ఒళ్ళు, విద్యుత్ ప్యానెళ్ళు, డక్టులు వంగే గుణాన్ని కోరతాయి. కార్ల తయారీదారులు చాలామంది గాల్వనీల్డ్ రకాన్ని తీసుకుంటారు. జింకు తొట్టి దాటగానే పట్టీని మళ్ళీ 500 డిగ్రీలకు పైగా వేడిచేస్తే ఇనుము పూతలోకి పాకి, పదోవంతు ఇనుముతో మెరుపులేని బూడిదరంగు పొర తయారవుతుంది. చూడడానికి ఏమంత బాగుండదు, కానీ రంగు గట్టిగా పట్టుకుంటుంది, రెండు రాగి మొనల మధ్య నొక్కి కరెంటుతో అతికించే స్పాట్ వెల్డింగు తేలికవుతుంది. మామూలు జీఐ మీద ఆ వెల్డింగు చేస్తే జింకు రాగి ఎలక్ట్రోడు మొనతో కలిసి ఇత్తడిగా మారి, మొన తొందరగా అరిగిపోతుంది. పైగా జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఆ తెల్లటి పొగ పీల్చినవాళ్ళకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది కనుక, పొగ లాగే ఫ్యాను లేకుండా ఆ పని చేయించకూడదు.

ఎండావానల్లో ఏళ్ళ తరబడి ఉండే వాటికి ఇప్పుడు వేరే పూతలూ ఉన్నాయి. 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ కలిపిన గాల్వాల్యూమ్ 1972 నుంచి మార్కెట్లో ఉంది. రేకు ముఖాన అది జింకుకంటే చాలా ఎక్కువకాలం నిలుస్తుంది గానీ, అంచులను కాపాడడంలో వట్టి జింకే మెరుగు. మెగ్నీషియం కూడా కలిపిన పూతలు సౌర ఫలకాల స్టాండ్లలో ఎక్కువగా కనిపిస్తున్నాయి.

ఇన్ని చెప్పి మా చేతుల్లోనే జరిగిన తప్పును దాచడం బాగుండదు. ఒక చలికాలపు రాత్రి లారీలో వచ్చిన కాయిల్‌ను తెల్లవారుతూనే వెచ్చగా, తేమగా ఉన్న షెడ్డులోకి దించి, దాని చుట్టూ ఉన్న కాగితాన్ని వెంటనే చింపేశాం. చల్లటి చెంబు మీద చెమర్చినట్టు చుట్టల మీద నీరు పట్టి, పొరల మధ్య సన్నని సందుల్లోకి ఇంకింది. మూడు వారాల తర్వాత విప్పితే రెండు అంచుల వెంబడీ పిండి చల్లినట్టు తెల్ల తుప్పు. ఆరుబయట గాలి ఆడుతుంటే జింకు మీద కార్బనేటు పొర గట్టిగా ఏర్పడి కాపలా కాస్తుంది. గాలి దూరని సందులో ఆ అవకాశం లేక, జింకు ఉబ్బిన హైడ్రాక్సైడు పొడిగా మారిపోతుంది. నైలాన్ బ్రష్‌తో రుద్ది చూశాం. లోపలివైపు మచ్చలు పోయాయి గానీ అంచు దగ్గర కింద నల్లబడిన చోట పూత పలచబడిందని బిళ్ళల తూకం చెప్పింది. చివరికి స్లిట్టింగు యంత్రం మీద రెండు పక్కలా 40 మిల్లీమీటర్లు కోసేసి, మిగిలిన వెడల్పుతో గది లోపల వాడే సన్నరకం ట్రేలు చేశాం. ఇప్పుడు చల్లగా వచ్చిన కాయిల్ ఏదైనా, ఒక రోజంతా కాగితంతోనే చెక్క దిమ్మెల మీద కూర్చుంటుంది. చేయి వేసి చూసి, షెడ్డు వెచ్చదనానికి వచ్చిందని తేలాకే దాని కట్లు తెంపుతాం.