హోమ్ చూడాలంటే రాత్రి తొమ్మిదికి వెళ్లండి

అమ్మనో నాన్ననో వృద్ధుల హోమ్‌లో చేర్చాలనుకున్నవాళ్లు ఎక్కువగా ఆదివారం పదకొండింటికి చూడటానికి వెళ్తారు. ఆ వేళకి స్నానాలు అయిపోయి, నేల తుడిచేసి, పెద్దవాళ్లంతా ఉతికిన బట్టల్లో హాల్లో కూర్చుని ఉంటారు. మేనేజరు, నర్సు, ఆయాలు అందరూ కనిపిస్తారు. రాత్రి తొమ్మిదికి కూడా ఒకసారి వెళ్లమని గట్టిగా చెబుతాను. మేనేజరు ఇంటికెళ్లాక ఎవరు మిగిలారు, బెల్ కొడితే ఎంతసేపటికి వస్తున్నారు అన్నది అప్పుడే తెలుస్తుంది. రాత్రిపూట బయటివాళ్లు తిరిగితే నిద్ర చెడుతుందని హోమ్‌వాళ్లు అనడం సబబే. చేర్చే ముందు ఒక్కసారి, పది నిమిషాలు, వాళ్ల స్టాఫ్ వెంటే తిరిగి చూస్తామని అడగండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ హోమ్ వదిలేయండి.

నైట్ డ్యూటీలో ఎంతమంది అని అడిగి ఊరుకోకూడదు, మెలకువగా ఎంతమంది ఉంటారని అడగాలి. చిన్న లెక్క వేద్దాం. మంచం దిగలేనివాళ్లు ఎనిమిది మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, డైపర్ చూసి, తడిస్తే మార్చాలి. మనిషికి పన్నెండు నిమిషాలు వేసుకున్నా 96 నిమిషాలు. అంటే ప్రతి 120 నిమిషాల్లో మిగిలేది 24. ఈలోగా ఇంకొకరు బాత్‌రూమ్‌కి లేస్తే? పైగా బరువున్న మనిషిని ఒక్కరే తిప్పలేరు, దుప్పటి మీద ఈడుస్తారు. ఆ రాపిడికే వీపు కింద పలచబడ్డ చర్మం చిట్లుతుంది. ఇలాంటి చోట ఒకే అటెండర్‌ని పెట్టారంటే, ఆమె ఎంత మంచిదైనా పని జరగదు.

అందుకే మంచాన ఉన్నవాళ్ల హోమ్‌లో నేను మొదట చూడమనేది బెడ్‌సోర్లు, అంటే కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండ్లు. మనిషిని ఎప్పుడెప్పుడు తిప్పారో రాసి గోడకు తగిలించే చార్టు అడగండి. 10, 12, 2, 4 అని గడియారం కొట్టినట్టు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపి ఉంటే అది పొద్దున్నే కూర్చుని రాసింది. నిజంగా తిప్పితే 10:10, 12:25 అని ఉంటుంది, ఎడమవైపా వెల్లకిలా కుడివైపా అన్నదీ ఉంటుంది. పుండు తొలి గుర్తు ఎర్రదనం అని అందరూ చెబుతారు కానీ మన చామనఛాయ ఒంటి మీద అది సరిగా కనపడదు. వేళ్ల వెనక భాగంతో తాకి చూడాలి. నడుము కింద ఎముక దగ్గర, తుంటి మీద, మడమల దగ్గర చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉంటే చర్మం దెబ్బతినడం మొదలైనట్టే. అక్కడ నూనె పెట్టి రుద్దకూడదు, మధ్యలో చిల్లున్న ట్యూబు కుషన్ మీద కూర్చోబెట్టకూడదు. రెండూ హాని చేసేవే. పిక్కల కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా గాల్లో ఉంచాలి.

ఎయిర్ బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) ఉందిగా అని నిశ్చింతగా ఉండకండి. దాని మీద బొంత, రబ్బరు షీటు, రెండు దుప్పట్లు పరిస్తే గాలి అరలు చేసే పని ఒంటికి అందదు. ఒక్క పలచటి దుప్పటి చాలు. నడుము కింద, పరుపు అడుగున అరచెయ్యి దూర్చి చూడండి. ఎముక చేతికి తగిలితే గాలి తక్కువున్నట్టు. కరెంటు పోయినప్పుడు పంపు ఆగిపోతుంది కాబట్టి ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో అడగండి.

హైదరాబాద్ కాలనీల్లో చాలా హోమ్‌లు మామూలు కాపురాలకి కట్టిన ఇళ్లలోనే నడుస్తున్నాయి. ఇబ్బందంతా బాత్‌రూమ్‌లో ఉంటుంది. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, లోపల పడ్డ మనిషే తలుపుకి అడ్డమవుతారు. బయటికి తెరుచుకోవాలి, గడియ బయటి నుంచి కూడా తీయగలగాలి. వీల్‌చైర్‌కి 90 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. టవల్ రాడ్డు పట్టుకుని లేస్తే మేకులతో సహా ఊడొస్తుంది. గోడలోకి బిగించిన పిడికిలి పట్టేంత కడ్డీ కమోడ్ పక్కన ఉండాలి. మీరే మీ బరువంతా వేసి లాగి చూడండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత గీజర్ నీళ్లు పోయాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాలేదాకా తెలియదు.

మందుల్లో తప్పు జరిగేది పంచే పద్ధతిలో. సాయంత్రమే అందరి మాత్రలూ స్ట్రిప్పుల్లోంచి విప్పి కప్పుల్లో పోసి ఉంచితే, ఒకరి కప్పు ఇంకొకరికి వెళ్లడానికి క్షణం చాలు. మనిషి ఎదురుగా, పేరు అడిగి, అప్పుడే స్ట్రిప్పు చింపాలి. సంతకం మింగాక పెట్టాలి. మింగలేకపోతున్నారని ప్రతి మాత్రా నూరేయకూడదు. పేరు చివర ఎస్సార్ (SR), ఎక్సార్ (XR) అని ఉన్నవి మెల్లగా కరగాల్సినవి, నూరితే డోసంతా ఒక్కసారే ఎక్కుతుంది. ఇన్సులిన్ ఏడున్నరకి వేసేసి అన్నం ఎనిమిదిన్నరకి వస్తే షుగర్ పడిపోవచ్చు. నైట్ డ్యూటీ అమ్మాయినే అడగండి, షుగర్ 70 కంటే తగ్గితే ఏం చేస్తావమ్మా అని. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూస్తానని చెప్పాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేస్తానని చెప్పాలి. తడుముకుందంటే ఆమెకి ఎవరూ నేర్పలేదు. తప్పు ఆమెది కాదు.

తిండి సంగతికి బరువు పుస్తకం చూస్తే చాలు. నెలలో 60 కిలోల మనిషి 57కి వచ్చి, పక్కన ఎవరూ ఏమీ రాయలేదంటే అక్కడ పళ్లెం పెట్టి తీసేస్తున్నారన్నమాట. పడుకోబెట్టి తినిపించకూడదు, తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. రాత్రి గ్రిల్ గేటుకి తాళం వేస్తే, తాళంచెవి మెలకువగా ఉన్న మనిషి దగ్గరే ఉండాలి. ఆక్సిజన్ సిలిండర్ గొలుసుతో గోడకి కట్టి ఉండాలి, ఆ గదిలో దీపం, అగరొత్తి పెట్టకూడదు. చేతులు మంచానికి కట్టేసి కనిపిస్తే ఏ డాక్టర్ చెప్పారో రాతపూర్వకంగా చూపమనండి.

ఫిర్యాదుకి పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 ఉంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆ తర్వాత మీకు దిక్కు 108 అంబులెన్సు, 112 ఎమర్జెన్సీ నంబరు. ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో, వెంట ఎవరు వెళ్తారో అగ్రిమెంట్‌లో రాయించండి. మందుల జాబితా, పడని మందుల పేర్లు, ఆధార్ కాపీ, మీ రెండు ఫోన్ నంబర్లు ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. ఆ ఫైలు మేనేజర్ గదిలో తాళంలో ఉంటే రాత్రి రెండింటికి ఎవరికీ పనికిరాదు. నైట్ డ్యూటీవాళ్లు కూర్చునే చోట మేకుకి వేలాడుతుండాలి.