నాన్నకు లేని బల్ల

2024 అక్టోబరు చివరి వారం. టెక్సస్‌లో మా నగరం తన పోలీసులతో జీతాల ఒప్పందం మాట్లాడుకునే గదిలో, పోలీసు యూనియన్ తరఫున వచ్చిన సార్జంటు నగరం తరఫున కూర్చున్న మా ముందు ఒక కాగితం పెట్టి, దాని మీద వేలితో రెండుసార్లు తట్టాడు. అంతకు ముందు గురువారం, 24న, ఆస్టిన్ నగర కౌన్సిల్ తమ పోలీసులతో అయిదేళ్ల ఒప్పందాన్ని ఆమోదించింది. జీతాల పెంపు మొత్తం 28 శాతం, ఖర్చు 21.8 కోట్ల డాలర్లు.

"మీరు ఇస్తామంటున్నది ఇందులో సగం. మా కుర్రాళ్లకు ఆస్టిన్ రెండు గంటల దారి," అన్నాడు.

నేను తల ఎత్తకుండా లాప్‌టాప్‌లో ఆస్టిన్ పెంపును మొదటి ఏటికి 8 శాతం, ఆపైన నాలుగుసార్లు 5 శాతం వేసి చూశాను. పెంపు మీద పెంపు కదా, ఊరికే కూడితే సరిపోదు. చివరి ఏటికి 31 దాటుతోంది. ఆ అంకె చీటీ మీద రాసి మా లాయరు వైపు జరిపాను. ఆయన చదివి, మడిచి, జేబులో వేసుకున్నాడు. నా ఉద్యోగం అదే. పోలీసులు అడిగే ప్రతి డాలరు వెనుకా ఇంకెన్ని డాలర్లు దాక్కున్నాయో బయటికి లాగడం.

నేను రిటైరైన హెడ్ కానిస్టేబుల్ కూతురిని.

తెలుగువాళ్ల విందుల్లో ఏ కంపెనీ అని అడుగుతారు. సిటీలో పనిచేస్తాను అంటే, సిటీ బ్యాంకా అంటారు. కాదండీ, నగరపాలక సంస్థ, బడ్జెట్ ఆఫీసు అంటే మాట అక్కడితో ఆగి బిర్యానీ వైపు మళ్లుతుంది. మా ఆయన ఉద్యోగంతో పాటు వచ్చి, పని అనుమతి లేని ఏళ్లు వంటగదిలోనూ లైబ్రరీలోనూ గడిపి, ఇక్కడి యూనివర్సిటీలో ప్రభుత్వ పాలన చదివి, 2015లో భర్త వెంట వచ్చిన మా వీసాల వాళ్లలో కొందరికి పని అనుమతి వచ్చాక ఈ టెక్సస్ నగరంలో చేరాను. మొదటి రెండేళ్లు పార్కుల శాఖ లెక్కలు చూశాను. గడ్డి కోత ఖర్చు. తర్వాత పోలీసు ఒప్పందం చర్చలకు లెక్కలు కట్టే మనిషి కావాలన్నారు. అప్పటికి ఆ పని చేస్తున్నాయన వేరే ఊరికి వెళ్లిపోయాడు, అంతే. నా ఇంటి చరిత్ర ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వినబడిన మాటలు పీఆర్‌సీ అనే జీతాల సవరణ, డీఏ బకాయిలు, సరెండర్ లీవులు. ఆ సవరణలో పెంపు, అంటే ఫిట్‌మెంట్, ఎంత శాతమన్నదాన్ని బట్టి ఆ ఏడు అమ్మకు పట్టుచీర ఉందో లేదో తేలేది. ఆ శాతం కోసం టీచర్లు, ఎన్జీవోలు కలెక్టరేట్ ముందు ధర్నా చేస్తే అక్కడ బందోబస్తు నాన్నది. తన జీతం పెంచమని అరిచేవాళ్లను తనే లాఠీ పట్టుకుని అదుపు చేయాలి. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "గట్టిగానే అరిచారు, ఈసారి ఇస్తారేమో," అనేవాడు. పోలీసులకు సంఘమంటూ ఒకటి లేకపోలేదు. జనవరిలో డైరీ వేసేది, కొత్త ఎస్పీ వస్తే పూలగుత్తి ఇచ్చేది. అంతకు మించితే 1966 నాటి కేంద్ర చట్టం అడ్డు నిలుస్తుంది. అనుమతి లేకుండా పోలీసు ఉద్యోగి ఏ యూనియన్‌లోనూ చేరకూడదు.

ఇక్కడి సంగతి వేరు, అలాగని అందరికీ వేరు కాదు. అమెరికాలో యూనియన్ల హక్కులకు మూలమైన 1935 నాటి చట్టం నగర, రాష్ట్ర ఉద్యోగులకు వర్తించదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే రాసుకోవాలి. 1959లో విస్కాన్సిన్ మొదట రాసింది. టెక్సస్‌లో ప్రభుత్వ ఉద్యోగులతో సమష్టి ఒప్పందాలు సాధారణంగా నిషిద్ధం. 1973 చట్టం పోలీసులకూ ఫైర్ సిబ్బందికీ తలుపు తెరిచింది, అదీ ఆ ఊరి ఓటర్లు ఒప్పుకుంటేనే. ఓటు దాకా వెళ్లని ఊళ్లలో ఇంకో మెత్తటి పద్ధతి ఉంది. ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవచ్చు, కానీ ఒప్పుకుని తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. మా ఊరిది ఆ రెండోది. సమ్మె మాత్రం ఏ పద్ధతిలోనూ లేదు. 1919లో బోస్టన్ పోలీసుల్లో నాలుగింట మూడు వంతుల మంది సమ్మెకు దిగితే ఊళ్లో లూటీలు జరిగాయి, మనుషులు చనిపోయారు. దిగినవాళ్ల ఉద్యోగాలు మళ్లీ తిరిగి రాలేదు. ఆ భయం నూరేళ్లు దాటినా దిగలేదు.

అంటే నీటి పైపులు బాగుచేసేవాడికీ, లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఆవిడకూ, బల్ల దగ్గర కూర్చుని పోలీసుల జీతం లెక్కగట్టే నాకూ మా జీతం కోసం బేరమాడుకునే ఆ బల్ల లేదు. మా పెంపు ఎంతో ఆగస్టులో మెయిల్ వస్తుంది.

ఇక లెక్క. ఒక శాతం పెంచితే ఖర్చు ఒక శాతంతో ఆగదు. ఓవర్‌టైమ్ రేటు పెరుగుతుంది, పింఛను నిధికి నగరం కట్టే వాటా పెరుగుతుంది, మెడికేర్ పన్ను 1.45 శాతం దాని మీద పడుతుంది. ఫెడరల్ చట్టం పోలీసులకు వారానికి 40 గంటల లెక్కను తప్పనిసరి చేయదు. దాని ప్రకారం 28 రోజులకు 171 గంటలు దాటాక ఓవర్‌టైమ్ ఇస్తే చాలు. అంతకన్నా ఉదారమైన షరతులు ఒప్పందంలో రాసుకోవచ్చు. మరోపక్క, 2019 నాటి రాష్ట్ర చట్టం నగరాలు రోజువారీ ఖర్చులకు వసూలు చేసే ఆస్తిపన్ను రాబడిని, కొత్త కట్టడాల మీద వచ్చేది కాక, మామూలుగా ఏటా 3.5 శాతానికి మించి పెంచుకోనివ్వదు, ఓటర్లను అడిగితే తప్ప. ఆ గీత లోపల పోలీసులకు 5 శాతం ఇచ్చామంటే గడ్డి కోసేవాడి వాటాలోంచి కొంత పోతుంది.

ఈ లెక్కలోనే చర్చల మొదటి నెలలో నేను పొరబడ్డాను. బడ్జెట్‌లో ఉన్న పోలీసు పోస్టులన్నీ నిండి ఉన్నట్టే వేశాను. నలభైకి పైగా ఖాళీలు. ఒక శాతం ఖర్చు ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడింది. చర్చకు ముందురోజు రాత్రి గమనించి పైఅధికారికి చెబితే, "వాళ్లు అడగలేదుగా," అన్నాడు. మర్నాడు అడిగారు. ఆ సార్జంటే యూనియన్ కోశాధికారి కూడా. చందా ఎంతమంది జీతాల్లో కోత పడుతుందో నెలనెలా లెక్కపెట్టుకునే మనిషికి ఊళ్లో ఎంతమంది పోలీసులున్నారో ఒకరు చెప్పాలా? నోట్‌బుక్ తెరిచి, గొంతు పెంచకుండా, తన సంఖ్య చదివాడు. గదిలో విలేకరి ఒకడు, జనం నలుగురు. ఇక్కడ ఈ చర్చలు తలుపులు తెరిచే జరుగుతాయి.

"మీ లెక్కే సరి," అన్నాను.

మా లాయరు వెంటనే విరామం అడిగాడు. నడవలోకి తీసుకెళ్లి, కోపం లేకుండానే, పాఠం చెప్పినట్టు చెప్పాడు. తప్పు ఒప్పుకోవాల్సిందే, కానీ ముందు విరామం తీసుకుని, తర్వాత ఒప్పుకోవాలట. రెండోసారి వచ్చినప్పుడు అది మన ఔదార్యంలా కనబడుతుందట.

ఇన్ని రాశాక చెప్పాల్సిన మాట ఒకటుంది. శాతాల గొడవ అంతా పైపై హడావుడి. నగరం డబ్బు పెట్టి అసలు కొనాలని చూసేది, శిక్ష పడకుండా పోలీసులను కాపాడే నియమాల్లో సడలింపు. రాష్ట్ర సివిల్ సర్వీసు చట్టం ప్రకారం, పోలీసు చేసిన తప్పు జరిగి 180 రోజులు దాటితే పోలీసు చీఫ్ అతన్ని సస్పెండ్ చేయలేడు. నేరమైతే లెక్క వేరు. దెబ్బలు తిన్న మనిషి భయపడి ఏడో నెలలో ఫిర్యాదు చేస్తే గడువు అప్పటికే అయిపోయింది. సస్పెండైన వాడు బయటి మధ్యవర్తికి అప్పీలు చేసుకుంటే ఆయన మాటే దాదాపు ఆఖరు. ఇలాంటివి మార్చాలంటే ఒప్పందంలో పోలీసులు ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలంటే ఏదో ఇవ్వాలి.

ఈ బేరం ఎలా తిరగబడుతుందో ఆస్టిన్‌లోనే చూశారు. 2017 డిసెంబరులో జనం రాత్రి దాకా వరుసకట్టి మాట్లాడితే, సిద్ధమైన ఒప్పందాన్ని కౌన్సిల్ ఏకగ్రీవంగా వెనక్కి పంపింది. అంత డబ్బుకు ఇంత కొద్ది జవాబుదారీతనమా అన్నది జనం ప్రశ్న. ఏడాది తిరక్కుండా కుదిరిన కొత్త ఒప్పందం వెనక్కి పంపినదానికన్నా చౌక, పైగా పర్యవేక్షణ ఎక్కువ. 2023 మేలో ఓటర్లు ఏకంగా పోలీసు పర్యవేక్షణ చట్టాన్నే గెలిపించారు.

మా ఊరి బహిరంగ విచారణలోనూ ఒక తల్లి కొడుకు ఫొటో పట్టుకుని నిలబడింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గంట మోగాక కూడా మైకు దగ్గరే ఉంది, మాట్లాడకుండా. ఆ 180 రోజుల విషయంలో నగరానిదే న్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ ఆ వారాంతం నాన్న ఫోను వచ్చింది.

మేనత్త కొడుకు తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్‌లో ఉన్నాడు. పెళ్లాం పిల్లలకు దూరంగా తిప్పే డ్యూటీలు మార్చాలని, అందరికీ ఒకే పోలీసు విధానం ఉండాలని ఆ వారమే గొడవ మొదలైంది. మగవాళ్లు నోరెత్తకూడదు కాబట్టి ముందు వాళ్ల భార్యలు రోడ్డెక్కారు. తర్వాత కానిస్టేబుళ్లూ బయటికొచ్చారు. రోజుల తేడాలో 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగంలోంచే తీసేశారు. మావాడి పేరు ఏ జాబితాలోనూ లేదని చెప్పడానికే నాన్న చేశాడు. కానీ ఫోను పెట్టలేదు.

"మీ దగ్గర తీసేయాలంటే ఎన్నాళ్లు పడుతుంది తల్లీ?"

చెప్పాను. నోటీసు, విచారణ, లాయరు, అప్పీలు, మధ్యవర్తి. ఏడాది కూడా పట్టొచ్చు.

"అంతా కాగితం మీదేనా?"

నాన్నకు 1994లో ఒక మెమో వచ్చింది. బందోబస్తుకు గంట ఆలస్యం. బస్సు రాలేదని సంజాయిషీ రాసుకున్నాడు. ఒక అధికారి చదవకుండానే ఇంక్రిమెంట్ ఆపేశాడు. ఆ సంజాయిషీ నకలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో, మా పుట్టినరోజు సర్టిఫికెట్ల కింద ఉంది. 180 రోజుల గడువును తిట్టుకుంటూ పడుకున్న నేను లేచి కూర్చున్నది ఆ కాగితం గుర్తొచ్చే.

ఒప్పందం ముగిసినా కొత్తది కుదిరేదాకా పాత షరతులే నడిచే క్లాజు గురించి కూడా నాన్నకు చెప్పాను. ఇక్కడ దానికి ఎవర్‌గ్రీన్ అని ముద్దుపేరు. శాన్ ఆంటోనియో నగరం అలాంటి క్లాజు మీద తన పోలీసు యూనియన్‌తో కోర్టుకెక్కింది. "అంటే పాత పీఆర్‌సీ మీద ఏళ్లకేళ్లు గడపడమేగా," అన్నాడు నాన్న. "దానికి కూడా పేరు పెట్టుకున్నారా!"

తర్వాతి విడతలో కాఫీ యంత్రం దగ్గర సార్జంటు పక్కన నిలబడ్డాడు. మీ ఇంట్లో ఎవరైనా పోలీసా అని అడిగాడు. డ్యూటీ చార్టు మీరు చదివే తీరు చూస్తే అలా అనిపించింది అన్నాడు. నాన్న సంగతి చెప్పాను. షిఫ్టు ఎన్ని గంటలని అడిగాడు. గంటలు ఉండేవి కాదన్నాను. జోకు అనుకుని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కప్పు కింద పెట్టి, ఓవర్‌టైమ్ రేటు ఎంత అన్నాడు.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి చివరి ఆర్టికల్స్ దగ్గరికి వచ్చాం. 180 రోజులను చీఫ్‌కు తెలిసిన రోజు నుంచి లెక్కించడానికి వాళ్లు ఒప్పుకున్నారు, మేము రెండు శాతం కలిపాం. ఆస్టిన్ అంకెకు చాలా దూరం. ఆపైన మిగిలినవి చిన్నవి. సెలవులో ఉన్న పోలీసును కోర్టు సాక్ష్యానికి పిలిస్తే, అయిదు నిమిషాల్లో పంపేసినా కనీసం మూడు గంటల ఓవర్‌టైమ్ ఇవ్వాలన్నది అందులో ఒకటి. దాని మీద ఎవరూ వాదించలేదు. లాయరు, సార్జంటు పేజీ మూలల్లో పొట్టి సంతకాలు చేశారు. రాత్రి పదకొండు దాటింది.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయకుండా నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ టిఫిన్ అయిపోయే వేళ. కోర్టు సాక్ష్యం సంగతి చెప్పాను.

"మూడు గంటలకు ఎంత?"

"సీనియర్ అయితే రెండు వందల డాలర్ల దాకా."

"రాత్రి డ్యూటీ దిగి నేరుగా కోర్టుకు వెళ్లానొకసారి," అన్నాడు నాన్న. "మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి వాయిదా అన్నారు. బయటికొస్తుంటే కోర్టు అటెండరు నా మొహం చూసి టీ ఇప్పించాడు. డబ్బులు నేనిస్తానన్నా ఇవ్వనివ్వలేదు."