టోర్టియా కుదిరితే టాకో కుదిరినట్టే

ఆదివారం, టాకోలు చేసే రోజు. టోర్టియా అనే పలచటి మొక్కజొన్న రొట్టెలో మాంసం పెట్టి మడిచి తినే మెక్సికో తిండి అది. రాత్రి సున్నపు నీళ్లలో ఉడికించి వదిలేసిన మొక్కజొన్న పొద్దున్నకి చక్కగా నానింది. గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు జారిపోతోంది, కొరికితే నడుమ కాస్త పలుకు తగులుతోంది. అలాగే ఉండాలి. కిలో ఎండు గింజలకు (స్వీట్‌కార్న్ పనికిరాదు) 10 గ్రాముల తినే సున్నం, 3 లీటర్ల నీళ్లు. సన్న సెగ మీద 40 నిమిషాలు, తర్వాత మూతపెట్టి రాత్రంతా. స్టీలు గిన్నే వాడాలి, సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది.

మెక్సికోలో టాకోలకు ఆధారం ఈ పనే. సున్నం గింజ పొట్టును కరిగిస్తుంది, పిండికి జిగురునిస్తుంది. అందుకే మామూలు మొక్కజొన్న పిండితో ఒత్తితే టోర్టియా ముక్కలైపోతుంది. కడిగిన గింజల్ని గ్రైండర్లో చెంచాడు చెంచాడు నీళ్లు పోస్తూ రుబ్బాను. ఉండ నొక్కితే అంచు పగిలిందా, నీళ్లు తక్కువ. ఒత్తేటప్పుడు ప్లాస్టిక్ కవరుకి అంటుకుందా, ఎక్కువ.

ఇక మాంసం. మెక్సికో సిటీ వీధుల్లోని టాకోస్ అల్ పాస్తోర్ మూలం లెబనాన్ వలసల్లో ఉంది. నిలువు చువ్వకు మాంసం గుచ్చి కాల్చే షవర్మా పద్ధతిని ఆ వలస వచ్చినవాళ్లు తెచ్చారు. మెక్సికోలోని పుయెబ్లా నగరంలో అది టాకోస్ అరబెస్ (అరబ్బు టాకోలు) అయింది. గొర్రె స్థానంలో పంది, గోధుమ రొట్టె స్థానంలో టోర్టియా, మసాలాలో ఎండుమిర్చి, ఎర్ర రంగునిచ్చే జాఫ్రా గింజలు చేరాక 1960ల నాటికి రాజధానిలో ఇప్పటి రూపం స్థిరపడింది. రెండు దేశాల వంట ఇంత హాయిగా కలిసిన తిండి నాకు ఇంకొకటి కనపడదు.

కిలో పంది భుజం మాంసాన్ని అర సెంటీమీటరు మందంలో కోశాను. మెక్సికో వాళ్లు వాడే గ్వహీయో ఎండుమిరప దొరకదు కాబట్టి గింజలు తీసిన బ్యాడగి మిర్చి 8, వేడినీళ్లలో నానబెట్టి, 2 చెంచాల జాఫ్రా ముద్ద, 4 వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, చెంచా ఒరెగానో, పావు కప్పు వెనిగర్, 15 గ్రాముల ఉప్పుతో నూరి మాంసానికి పట్టించాను. పచ్చి అనాస రసం ఇందులో కలిపి గంటలకొద్దీ ఉంచకూడదు. దానిలోని బ్రోమెలైన్ అనే ఎంజైము మాంసాన్ని పిప్పి చేస్తుంది. అనాసను విడిగా కాల్చుకోవడమే మేలు.

టకేరియాలో, అంటే టాకోల దుకాణంలో, ట్రోంపో అనే నిలువు చువ్వ మీద పైపొర మాడీమాడనట్టు కాలాకే కత్తి పెడతారు. తొందరపడితే మెత్తటి పచ్చి మాంసం చేతికొస్తుంది. ఇంట్లో ఇనప పెనం పొగలొచ్చేదాకా కాల్చి, ముక్కలు ఒకే వరసలో పరిచాను. కుప్పగా వేస్తే నీరూరి ఉడికిపోతాయి, అంచులు ఎర్రబడవు.

ఇక టోర్టియాలు. పిండిని 30 గ్రాముల ఉండలు చేసి ఒత్తి, పెనం మీద వేశాను. మొదటి వైపు 15 సెకన్లు, తిప్పి 45, మళ్లీ తిప్పితే పొంగాలి. పొంగలేదంటే పెనం చల్లగా ఉన్నట్టే. కాల్చినవన్నీ గుడ్డలో చుట్టి పది నిమిషాలు వదిలేయాలి. ఆ ఆవిరికి మెత్తబడి, మడతేసినా చిరగవు. పైన ఉల్లి, కొత్తిమీర, అనాస, నిమ్మ, అంతే. చీజ్ వద్దు.