మాస్టారు విసిరిన సుద్దముక్క

మా ఇంగ్లీషు మాస్టారిని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది సుద్దముక్క. ఎనిమిదో తరగతిలో ఒకరోజు దాన్ని ముందు బెంచీలో ఉన్నమ్మాయి చేతికందేలా వేశారు. పట్టుకుంది. "ఇది త్రో టు" అన్నారు. ఇంకో ముక్క తీసి, వెనక బెంచీలో కబుర్లాడుతున్నవాడి భుజానికి తగిలేలా విసిరారు. "ఇది త్రో ఎట్. చెయ్యి అదే, సుద్ద అదే. మారిందేమిటి?" క్లాసంతా ఒక్కసారే అరిచాం. పట్టుకోమని వేస్తే టు, తగలాలని వేస్తే ఎట్. ప్రిపొజిషన్ల పట్టిక అప్పటికే బట్టీపట్టి ఉన్నాం. అవి వాక్యం అర్థాన్నే తిప్పేస్తాయని మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆయన ఇంగ్లీషు పాఠం తెలుగులోంచే వచ్చేది. ఇంగ్లీషులో ఈ చిన్న మాటలు నామవాచకానికి ముందు విడిగా నిలబడతాయి. మనకి అవే వెనక చేరతాయి, విభక్తులుగా. ఆన్ ది టేబుల్, బల్ల మీద. ఇఫ్ చేసే పని మనకి 'వస్తే'లోని 'తే' చేస్తుంది. 'ఒకవేళ' అని మొదలుపెట్టినా ఆ 'తే' లేనిదే వాక్యం నిలవదు. ఇక అండ్. 'మరియు' అని రాస్తే ఆయనకి నచ్చేది కాదు. "ఇంట్లో 'మరియు' అంటావా తల్లీ? 'అక్కా నేనూ వెళ్ళాం' అంటావు. 'నేనూ'లో దీర్ఘం ఉందే, అదే నీ అండ్" అనేవారు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ పలుకుతున్న ఆ దీర్ఘాన్ని నేను అంతకుముందు ఒక్కసారి కూడా వినిపించుకోలేదు.

ఆల్దోతో మొదలుపెట్టిన వాక్యంలో మళ్ళీ బట్ పెట్టొద్దు, డిస్కస్‌లోనే 'గురించి' ఉంది కాబట్టి అబౌట్ అక్కర్లేదు. ఇవి రోజూ చెప్పేవారు, రోజూ తప్పు రాసేవాళ్ళం.

పదో తరగతిలో మా బడి మీద వ్యాసం రాస్తూ, ఐదేళ్ళ నుంచి ఇక్కడ చదువుతున్నానని చెప్పడానికి 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అని పెట్టాను. మన 'నుంచి' సోమవారానికీ సరిపోతుంది, ఐదేళ్ళకీ సరిపోతుంది. ఇంగ్లీషులో ఆ రెండు పనులకీ రెండు మాటలున్నాయి. మొదలైన రోజు చెప్పాలంటే సిన్స్, గడిచిన కాలం చెప్పాలంటే ఫర్.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. సిన్స్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన తెలుగులో రాశారాయన: "ఎప్పటి నుంచి? ఎన్నాళ్ళ నుంచి?"